నల్ల బంగారు ఇసుక

తప్పు నాదే. ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకోవడానికి మొహమాటం కూడా లేదు.

2010 నవంబరులో చీమకుర్తికి ముసురు పట్టింది. తుఫాను మా మీదికి రాలేదు గానీ దాని తోక మూడు రోజులు మమ్మల్ని తడిపింది. అప్పుడు నేను ఒక గ్రానైటు ఎగుమతిదారు దగ్గర పనిచేసేవాణ్ణి. క్వారీలోంచి తీసిన బ్లాకు చుట్టూ తిరిగి చూడడం, కొలవడం, మచ్చలూ బీటలూ ఉంటే పక్కన పెట్టించడం, బాగున్నవాటి మీద ఎర్ర రంగుతో నంబరు వేయడం నా పని. ఇరవై ఆరేళ్ల వయసు. రాళ్లను చదవడం వచ్చేసిందనే ధీమా.

రాయి చూడడం నాకు నేర్పింది క్వారీ మేస్త్రీ. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. బ్లాకు మీద రెండు బిందెల నీళ్లు గుమ్మరించి, బీడీ వెలిగించుకుని కూర్చోవడమే ఆయన పద్ధతి. ఎండకు రాయి ఆరుతుంది. ఎక్కడైనా వెంట్రుకంత బీట ఉంటే అందులోకి దిగిన నీరు మాత్రం అంత త్వరగా ఆరదు, గీత గీసినట్టు నిలబడిపోతుంది. "తడి మీద చూడకు అబ్బాయ్, ఆరేటప్పుడు చూడు" అనేవాడు. ఆ మూడు రోజులూ ఎండ లేదు, రాయి ఆరలేదు. ఓడ తేదీ దగ్గరపడింది. కొనుగోలుదారు తరఫు మనిషి ఒంగోలు లాడ్జిలో కూర్చుని రోజుకు నాలుగుసార్లు ఫోను చేస్తున్నాడు. సుత్తితో నాలుగు వైపులా కొట్టి చూశాను. ఖంగుమంది. నంబరు వేసేశాను.

ఫిబ్రవరిలో చైనా నుంచి ఫొటోలు వచ్చాయి. అద్దంలా మెరుస్తున్న నల్ల పలక మీద, మూలగా, ఒక సన్నని గీత. మా యజమాని వాటిని కంప్యూటర్ తెర మీద పెద్దవి చేసి చాలాసేపు చూశాడు. తిట్టలేదు. "నువ్వు చూసి నంబరేసిన రాయే కదయ్యా. నువ్వే వెళ్లి చూసిరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అలా 2011 మార్చి నెలాఖరులో చైనా వెళ్లాను. అప్పటిదాకా నేను చేసిన పెద్ద ప్రయాణం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై దాకా. ముంబయి, హాంకాంగ్, అక్కడి నుంచి షియామెన్. విమానాల గురించి చెప్పడానికి ఏమీ లేదు, భయంతో సగం, నిద్రతో సగం గడిచింది.

షియామెన్ విమానాశ్రయంలో ఒక అమ్మాయి నా పేరు రాసిన కాగితం పట్టుకుని నిలబడింది. మా దుబాసీ. కాలేజీలో ఇంగ్లీషు చదువుకుందట, నాకంటే చిన్నది. కాగితం మీద ఉన్నది నా పేరు కాదు, ఇంటిపేరు. చైనావాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసుకుంటారు. తేడా ఏమిటంటే మర్యాదగా పిలవాలంటే వాళ్లు ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఆ పది రోజులూ అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలిచారు. ఎవరు పిలిచినా మా తాతను పిలుస్తున్నట్టు ఉండేది, పలకడానికి ఒక క్షణం ఆలస్యమయ్యేది.

మేం వెళ్లాల్సింది షియామెన్‌కు ఈశాన్యంగా, చువాన్‌జౌ నగరం కిందికి వచ్చే షుయ్‌తౌ అనే ఊరికి. రాతి వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఆ పేరు తెలియకుండా ఉండదు. చీమకుర్తి రాయిని తవ్వే ఊరైతే షుయ్‌తౌ రాయిని కోసే ఊరు. రోడ్డుకు రెండు వైపులా, మన దగ్గర పొలాలు ఉన్నట్టు, పలకలు. ఏ4 కాగితాల కట్టలను నిలబెట్టినట్టు వరసలు వరసలుగా రాతి పలకలు. తెల్లవి, గులాబీవి, ఆకుపచ్చవి. ఇటలీ రాయి, బ్రెజిల్ రాయి, టర్కీ రాయి, ఇరాన్ రాయి అని ఆ అమ్మాయి చూపిస్తూ వచ్చింది. గాలిలో రాతి పొడి వాసన. తడిసిన సున్నంలాంటి ఆ వాసన తగలగానే నాకు మొదటిసారి ధైర్యం వచ్చింది. ఇదేదో తెలిసిన ఊరే అనిపించింది.

ఫ్యాక్టరీ ఆవరణలో ఇంకా కోయని బ్లాకులు ఒక మూల పేర్చి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే వాటి మీద ఎర్ర రంగు అంకెలు. నా చేతిరాత. ఏడుకు అడ్డగీత పెట్టే అలవాటు మా హైస్కూలు లెక్కల మాస్టారి దగ్గర వచ్చింది. ఆ అడ్డగీత ఏడు సముద్రం దాటి వచ్చి, తెలియని లిపి బోర్డుల మధ్య, వానకు కొంచెం వెలిసిపోయి నిలబడి ఉంది. ఎందుకో చేత్తో తడిమాను. పక్కనున్న దుబాసీ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక, "ఇది నేనే రాశాను" అన్నాను. ఆమె ఫ్యాక్టరీ వాళ్లకు అది చెప్పగానే అందరూ నా వైపు తిరిగారు. వివాదం వచ్చిన రాయి మీద అంకె వేసినవాడు నేనేనని ఆ విధంగా నా అంతట నేనే సాక్ష్యం చెప్పేశాను.

మా చీమకుర్తి నల్ల గ్రానైటును వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ అంటారు. అక్కడ దాన్ని గెలాక్సీ అనరు. "హేయ్ జిన్ షా" అంటారు. నల్ల బంగారు ఇసుక అని అర్థం. నిజానికి ఆ చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం, మెరుగు పెడితే రాగి రంగులో తళుక్కుమంటుంది. మా అమ్మ దాన్ని చుక్కల రాయి అంటుంది. ఎవరో తెలివైన వ్యాపారి పెట్టిన గెలాక్సీ కంటే ఈ రెండు పేర్లే నాకు నచ్చుతాయి.

కోత దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ ఆయన్ను "షిఫు" అనేవారు. అంటే ఏమిటని అడిగితే దుబాసీ అమ్మాయి టీచర్ అంది, కాదు కాదు, వర్కర్ అంది, చివరికి రెండూ అంది. నాకు అర్థమైంది. మేస్త్రీ.

బ్లాకును పలకలుగా కోసే గ్యాంగ్‌సా అనే యంత్రాన్ని చాలామంది చూసి ఉండరు. ఒక చట్రంలో పక్కపక్కనే బిగించిన పొడవాటి ఉక్కు బద్దలు ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. పైనుంచి నీళ్లు, సున్నం, ఉక్కు రవ్వలు కలిసిన బురద ధారగా పడుతుంటుంది. కోసేది బద్దలు కాదు, వాటి కింద నలిగే ఆ రవ్వలు. మా ఇరవై అయిదు టన్నుల బ్లాకు అందులో రెండు మూడు రోజులు స్నానం చేసి యాభై పైచిలుకు పలకలై బయటికి వస్తుంది. అప్పటికి అది బూడిద రంగులో, ఏ అందమూ లేకుండా ఉంటుంది. మెరుగు యంత్రం కిందికి ఒక వైపు నుంచి బూడిద రంగులో వెళ్లి రెండో వైపు నల్లగా బయటికొచ్చినప్పుడే చుక్కలు కనిపిస్తాయి. నేను అయిదేళ్లుగా బ్లాకులే చూశాను తప్ప, నా రాయి నల్లబడే ఆ క్షణాన్ని అంత దగ్గర నుంచి అప్పుడే చూశాను.

మా రాయి కొన్న ఆ ఫ్యాక్టరీ యజమాని వాదన బ్లాకు మొత్తం పనికిరాదని, డబ్బంతా తగ్గించుకోవాలని. నేను వాదించడానికి వెళ్లానే గానీ ఏమని వాదించాలో నాకే తెలియదు. షిఫు ఎవరి మాటా వినలేదు. ఆ బ్లాకులోంచి వచ్చిన పలకలను ఒక్కొక్కటిగా క్రేనుతో విడదీయించి గోడకు ఆనించాడు. గొట్టం పెట్టి అన్నిటినీ తడిపాడు. తర్వాత ఒక ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుని సిగరెట్టు ముట్టించాడు.

బాబాయ్ బీడీ. ఈయన సిగరెట్టు. అంతే తేడా.

మార్చిలో అక్కడి గాలి చెమ్మగా ఉంటుంది, గోడలు కూడా చెమర్చుతాయి. పలకలు ఎంతకూ ఆరడం లేదు. ఫ్యాక్టరీ యజమాని కొడుకు విసుగొచ్చి పెద్ద ఫ్యాను తెప్పించి తిప్పాడు. షిఫు లేచి వెళ్లి దాని మీట నొక్కి ఆపేసి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నేను ఆయన పక్కన ఇంకో స్టూలు వేసుకున్నాను. ముప్పావు గంట ఇద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి భాష కూడా లేదనుకోండి. మెల్లగా పైనుంచి కిందికి పలకలు పొడిబారాయి. మొదటి దాని మూలలో గీత తేలింది. రెండోదానిలో కొంచెం పొట్టిగా, మూడోదానిలో ఇంకా పొట్టిగా. బీట బ్లాకు మూలను ఏటవాలుగా కోసుకుంటూ పోయింది, లోపలికి దిగలేదు.

అప్పుడు షిఫు నా వైపు తిరిగి, పిడికిలి బిగించి, బొటనవేలు, చిటికెనవేలు మాత్రం చాపి ఊపాడు. ఫోను చేసుకోవాలి కాబోలనుకుని నా ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి నాకిచ్చేసి మళ్లీ అలాగే ఊపాడు. ఒకవేళ మందు సంగతేమోనని, ఇప్పుడు వద్దు, సాయంత్రం చూద్దామన్నట్టు తల ఊపాను. దుబాసీ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చైనాలో ఒంటి చేత్తో పది దాకా లెక్క పెడతారట. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు.

ఆరు పలకలు. బ్లాకు మొత్తం కాదు, ఆరే ఆరు.

యజమానికి ఆ మాట రుచించలేదు. కానీ షిఫు చెప్పాక కాదనలేకపోయాడు. జీతం తీసుకునే పనివాడి నోటిమాట యజమాని లెక్కను మార్చడం మా వైపు కూడా చూశాను గానీ, అది నాకు అనుకూలంగా జరగడం అదే మొదటిసారి. ఆరు పలకల ధర తగ్గించుకోవడానికి ఒప్పందమైంది. దానికి పట్టిన సమయం అయిదు నిమిషాలు. దాని చుట్టూ తాగిన టీకి మూడు గంటలు.

ఆ టీ గురించి చెప్పాలి. అక్కడ ప్రతి ఫ్యాక్టరీ ఆఫీసులోనూ ఒక పెద్ద టీ బల్ల ఉంటుంది. యజమాని స్వయంగా కూర్చుని కాచి పోస్తాడు. పక్కనే ఉన్న అన్‌షీ కొండల్లో పండే ఆకు, పేరు తియెగ్వాన్‌యిన్. మొదటి నీళ్లు పారబోస్తాడు, రెండో నీళ్లు పోస్తాడు. కప్పు ఎంత అంటే, మా ఇంట్లో పసిపిల్లలకు ఆముదం పట్టే గిన్నె అంత. ఒక గుక్క. వెంటనే నింపుతాడు. మళ్లీ గుక్క. వద్దనడం ఎలాగో తెలియక మొదటి రోజు నలభై కప్పులు తాగి ఉంటాను, రాత్రి కంటి మీద కునుకు లేదు. పోసినప్పుడల్లా రెండు వేళ్లతో బల్ల మీద చిన్నగా కొడితే కృతజ్ఞత చెప్పినట్టని మర్నాడు నేర్చుకున్నాను. పాలూ పంచదారా లేని ఆ పచ్చని నీళ్లు నాలుగో రోజుకు గానీ రుచి తెలియలేదు. తెలిశాక వదల్లేదు.

ఒక మాట మాత్రం నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. ఆ ప్రాంతంవాళ్ల సొంత భాషలో టీని "తే" అంటారు. బీజింగ్ భాషలో "ఛా". తే ఈ తీరం నుంచి ఓడలెక్కి యూరపు వెళ్లి టీ అయింది. ఛా మరో దారిలో నడిచి చాయ్ అయింది. ఒంగోలులో టీ, హైదరాబాద్‌లో చాయ్ అని మనం ఒకరినొకరు వెక్కిరించుకుంటాం గానీ, రెండూ అక్కడివే.

సాయంత్రాలు ఖాళీ. షుయ్‌తౌలో చూడడానికేముంది అని అడిగితే షిఫు తన మోపెడ్ వెనక ఎక్కించుకుని ఒక వంతెన దగ్గరికి తీసుకువెళ్లాడు. దుబాసీ అమ్మాయి వేరే బండి మీద వెనకే వచ్చింది. అన్‌పింగ్ వంతెన. 1138లో మొదలుపెట్టి పన్నెండు పదమూడేళ్లు కట్టారు. షుయ్‌తౌ నుంచి అవతల అన్‌హాయ్ ఊరికి, అప్పట్లో సముద్రపు పాయ మీదుగా, దాదాపు రెండు కిలోమీటర్లు. మొత్తం రాయే. మొనదేలిన పడవల్లాంటి రాతి దిమ్మెలు, వాటి మీద పక్కపక్కనే పరిచిన పొడవాటి గ్రానైటు దూలాలు. సముద్రం ఇప్పుడు వెనక్కి జరిగిపోయింది. కింద మడుగులు, గడ్డి, బాతులు. వంతెన మాత్రం అలాగే ఉంది.

చెప్పులు విప్పి నడిచాను. ఎందుకంటే చెప్పలేను, రాయి తెలుస్తుందని. ఎనిమిది వందల ఏళ్ల కాళ్లకు అరిగి నున్నబడినచోట ఒకలా, ఉలి గాట్లు ఇంకా మిగిలినచోట ఒకలా తగులుతుంది. కూర్చుని ఒక దూలాన్ని కళ్లతో కొలిచాను, అలవాటు పోతుందా. మనసులో టన్నులు వేసుకుంటే మా పెద్ద బ్లాకులకు దగ్గరగా వచ్చింది. క్రేను లేదు, లారీ లేదు. ఎలా ఎత్తారు? షిఫు నవ్వి, ఒక అరచేతిని పడవలా ఇంకో చేతి కిందికి జరిపాడు. దూలాన్ని పడవ మీద పెట్టుకుని పోటు వచ్చేదాకా కూర్చునేవారట. నీరు పెరిగి పడవ లేచినప్పుడు రెండు దిమ్మెల మధ్యకు చేర్చేవారు. ఆటు మొదలై నీరు దిగిపోతే దూలం దానంతట అది దిమ్మెల మీద కూర్చునేది. ఈ ఊళ్లో అందరికీ కూర్చుని ఎదురుచూడడం బాగా వచ్చు అన్నాను. దుబాసీ అమ్మాయి దాన్ని ఎలా అనువదించిందో గానీ షిఫు నా వీపు మీద గట్టిగా చరిచాడు.

ఆదివారం నాడు చువాన్‌జౌ వెళ్లాం, కైయువాన్ ఆలయానికి. 686లో వెలసిన బౌద్ధాలయం. ముందు రెండు రాతి గోపురాలున్నాయి, పదమూడో శతాబ్దానివి, ఒక్కోటీ నలభై మీటర్లకు పైనే. అందరూ వాటి దగ్గర ఫొటోలు దిగుతున్నారు. దుబాసీ అమ్మాయి మాత్రం నన్ను ప్రధాన మందిరం వెనక్కి తీసుకెళ్లి రెండు స్తంభాలు చూపించి, "ఇవి మీవి" అంది.

పలకలు తీర్చిన రాతి స్తంభాలు. వాటి మీద గుండ్రని చట్రాల్లో బొమ్మలు. ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఒడిలో మనిషిని అడ్డంగా పడుకోబెట్టుకుని సింహం తల ఆయన కూర్చున్నాడు. ఇంకోచోట రెండు చెట్ల మధ్య కృష్ణుడు. మా నాయనమ్మ శనివారం శనివారం మాలకొండ వెళ్లేది, అక్కడి స్వామి శనివారాలే దర్శనమిస్తాడు మరి. చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకుని ఆ కొండ ఎక్కినవాణ్ణి, చైనాలో బుద్ధుడి గుడి వెనక నరసింహస్వామి ఎదుట నిలబడి, దండం పెట్టుకోవాలా వద్దా అని దిక్కులు చూశాను. పెట్టుకున్నాను. పక్కన ఒక ముసలమ్మ, బౌద్ధురాలే అయివుంటుంది, నన్ను చూసి ఆమె కూడా ఆ స్తంభానికే దండం పెట్టింది. ఆమె కొప్పు చుట్టూ పూలదండ చుట్టుకుని ఉంది, మూడు వరసలు. అక్కడి షున్‌పు అనే చేపలవాళ్ల పల్లెలో ఆడవాళ్లు అలాగే పూలు పెట్టుకుంటారట. ఆ దేశంలో అడుగుపెట్టాక జడలోనో కొప్పులోనో పూలు చూడడం అదే.

ఆ స్తంభాలు ఒకప్పుడు ఆ ఊళ్లో ఉన్న శివాలయానివి. తమిళ వర్తకులు కట్టించుకున్న గుడి. 1281 నాటి తమిళ శాసనం కూడా అక్కడ దొరికింది, కుబ్లాయ్ ఖాన్ ఏలుబడి కాలం. గుడి పోయింది, రాళ్లు మిగిలాయి, తర్వాతి కాలంవాళ్లు వాటిని తెచ్చి ఈ మందిరానికి వాడుకున్నారు. రాతి వ్యాపారం చేసేవాడిగా నాకది వింతగా అనిపించలేదు. మంచి రాయిని ఎవరూ పారేయరు.

"ఇవి మీవి" అంటే అవునని తల ఊపాను గానీ, మనసులో ఒక చిన్న అసూయ. తమిళులవి సరే, మనవాళ్లవి ఏమీ లేవా? తిరిగొచ్చాక పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. మార్కోపోలో చైనా నుంచి ఓడ ఎక్కింది ఈ చువాన్‌జౌలోనే, ఆయన దాన్ని జైటన్ అన్నాడు. ఆ ప్రయాణ కథలోనే మన మోటుపల్లి రేవు గురించీ రాశాడు, రాణి పాలిస్తున్న రాజ్యమని. రుద్రమదేవి. మోటుపల్లి ఒంగోలు నుంచి ఎంత దూరమని! సముద్రంలో ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును కాజేయబోమని, సుంకం మాత్రం తీసుకుని వదిలేస్తామని గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిచ్చిన శాసనం అక్కడి గుడిలోనే ఉంది. చిన్నప్పుడు ఆ గుడి దగ్గర నేను గోళీలాడాను, ఒక్కరైనా చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో.

తిండి సంగతి క్లుప్తంగా. పొద్దున్నే పలచని గంజన్నం, పక్కన ఉప్పులో ఊరిన ఆకుకూర, వేయించిన వేరుశనగలు. చద్దన్నం తిని పెరిగినవాడికి అంతకంటే ఏం కావాలి. షియామెన్‌లో వేరుశనగ గుళ్లు వెన్నలా ఉడికించిన తియ్యని పాయసం లాంటిది దొరుకుతుంది, రెండు గిన్నెలు తాగాను. అక్కడే తళతళలాడే జెల్లీ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, బాగుందని మెచ్చుకుని, లోపల ఉన్నది సముద్రపు ఇసుకలో దొరికే పురుగని తర్వాత తెలుసుకున్నాను. ఎక్కడికి వెళ్లినా వేడినీళ్లే ఇచ్చేవారు. చల్లటి మంచినీళ్ల కోసం మొహం వాచిపోయింది. అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి షిఫుకు రుచి చూపించాను. ఆయన చేత్తో ఏ అంకే చూపలేదు, సీసా మూత బిగించి తన బండి డిక్కీలో పెట్టుకున్నాడు.

చివరి రోజున కార్లు తిరగనివ్వని గులాంగ్యు దీవికి పడవలో తీసుకెళ్లారు. పియానోల దీవి అని పేరు, అందంగానే ఉంది. నా ధ్యాస అక్కడ లేదు.

బయలుదేరే ముందు ఫ్యాక్టరీలో షిఫు నా చేతిలో వార్తాపత్రికలో చుట్టిన ఒక బరువైన పొట్లం పెట్టాడు. విప్పితే జానెడు రాయి. ఆ ఆరు పలకల్లో ఒకదాని మూల. నాలుగు అంచులూ నున్నగా అరగదీసి మెరుగు పెట్టాడు. మధ్యలో సన్నగా ఆ గీత. ఆయన ఏదో అన్నాడు. దుబాసీ అమ్మాయి చెప్పబోయి, ఆగి, "ఏమీ లేదు, జాగ్రత్తగా వెళ్లమంటున్నాడు" అంది. అంతకంటే ఎక్కువే అన్నాడని ఇప్పటికీ నా అనుమానం.

ముంబయిలో కస్టమ్స్‌వాళ్లు అదేమిటని అడిగితే రాయి అన్నాను. చైనా నుంచి రాయి ఎందుకు తెచ్చావంటే, ఇది మాదే అన్నాను. ఒకడు ఇంకొకడి మొహం చూసి నన్ను పొమ్మన్నాడు.

ఆ ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. ఫోను మారినప్పుడు దుబాసీ అమ్మాయి నంబరు పోయింది. షిఫుకు అప్పటికే అరవై దాటాయి. బాబాయ్ లేడు. రాయి మా వంటింట్లో ఉంది. ఎండాకాలంలో అమ్మ మజ్జిగలో మిరపకాయలు నానబెట్టినప్పుడు అవి పైకి తేలకుండా పళ్లెం మీద బరువుకు దాన్నే పెడుతుంది. పని అయ్యాక కడిగి గట్టు మీద నిలబెడుతుంది. మొన్న కాఫీ కోసం వంటింట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాను. నీళ్లు పైనుంచి కిందికి తగ్గుతూ వచ్చాయి, చుక్కలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. గీత అన్నిటికంటే చివర్న ఆరింది.